పెట్టెతో మాట్లాడిన బావ

బోర్లు బాగుచేసే మా పక్కింటి బావ పోయాడని నరసరావుపేట బస్సు దిగుతుండగానే చెప్పారు. అక్కడే అరుగు మీద కూర్చున్నాను. వచ్చీపోయేవాళ్ళంతా బావ గురించే మాట్లాడుకుంటున్నారు. అప్పుడూ కుళ్ళే కలిగింది నాకు. నేను పోతే ఇందులో సగమైనా మాట్లాడుకుంటారా అని.

ఇద్దరం కలిసి బోర్లలో పైపులు దించినవాళ్ళమే. పేరు మాత్రం బావది. నాకు నలుగురిలో నోరు పెగలదు. మా ఊరి సచివాలయంలో ఏఐ పెట్టె పెట్టాక అదీ బావ పక్షమే చేరింది. ఏ కాగితం కావాలన్నా దాన్ని నోటితో అడగాలి. నేనడిగితే "మళ్ళీ చెప్పండి" అనేది. బావకి ఒక్కసారికే పలికేది.

"గట్టిగా అడుగు బావా! అదేమన్నా మా చెల్లెలా, నువ్వు భయపడటానికి?" అనేవాడు బావ నాతో. అందరూ నవ్వేవారు. నా పింఛను ఆగిపోతే బావే పక్కన నిలబడి అడిగించి ఇప్పించాడు. దానికీ కుళ్ళుకున్నాను.

పని అయ్యాక పెట్టె "ఇంకేమైనా సేవ కావాలా?" అంటుంది. బావ దాని నెత్తిన తట్టి, "చాలు నాయనా, నీళ్ళు పడ్డయ్" అనేవాడు. ఆ మాట నాకెందుకు తోచలేదా అని ఇంటికెళ్ళేదాకా కుమిలేవాణ్ణి.

అక్కడ రాసింది బ్లాక్‌చెయిన్‌లోకి పోతుందట. అదేందని అడిగితే బావే చెప్పాడు. "మన పైపుల లాంటిదే. ఒకదానికొకటి బిగించి దించుతాం గదా. నడిమి పైపు మార్చాలంటే పైవన్నీ లాగాల. ఊరంతా చూస్తది. ఇంక చాటుగా ఎవుడు మారుస్తాడు?"

దినాలయ్యాక బావ భార్య, మా చెల్లెమ్మ, నన్ను సచివాలయానికి తీసుకెళ్ళింది. మరణ ధ్రువపత్రం లేనిదే ఆమెకు పింఛను రాదు.

"నా నోటితో ఆ మాట అనలేను అన్నా. నువ్వు చెప్పు."

బావ పేరు చెప్పి, చనిపోయాడన్నాను. "మళ్ళీ చెప్పండి," అంది పెట్టె. నా గొంతు దానికి అందకపోవడం ఆ ఒక్కసారే బాగుందనిపించింది. అది వినకపోతే బావ ఇంకా పోనట్టే.

చెల్లెమ్మ నావంకే చూస్తోంది. గట్టిగా చెప్పాను. గదిలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"నమోదయ్యాక మార్చలేం. సరేనా?" అని అడిగింది పెట్టె.

పైపు బిగించేటప్పుడు అవతలి కొస ఎప్పుడూ బావే పట్టుకునేవాడు. ఈసారి ఒక్కణ్ణే బిగించాను. "సరే" అన్నాను.

కాగితం వచ్చింది. "ఇంకేమైనా సేవ కావాలా?" అంది పెట్టె.

ఎన్నాళ్ళుగానో నేననాలనుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది బావది. అనలేదు. పెట్టె నెత్తిన చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పచ్చదీపం వెలుగుతూ, ఆరుతూ, జవాబు కోసం చూస్తూనే ఉంది.