ఎనిమిది చేతులు కనబడేదాకా

నాకు కాలు ఊపే జబ్బు. కూర్చుంటే చాలు, కుడి మోకాలు దానంతటదే ఆడేది. ఇంట్లో అమ్మమ్మ తిట్టేది, క్లాసులో పక్కవాడు తిట్టేవాడు. ఏ తిట్టూ పనిచేయలేదు.

పంతొమ్మిదివందల యాభైల్లో ఏలూరులో బి.యస్సీ. చదివే రోజులు. వాల్తేరులో సముద్రజీవుల మీద చదువుకోవాలంటే మా జువాలజీ లెక్చరర్‌గారి సిఫారసు ఉత్తరం కావాలి. ఆయనేమో బదిలీ మీద ఆ సాయంత్రమే రైలెక్కుతున్నారు. "నా కళ్లతో చూడందే సంతకం పెట్టనయ్యా" అని ముందే చెప్పేశారు. ఆయన చూపించమన్నది మెత్తటి రకం బ్రయోజోవా. పైకి నాచులా ఉంటుంది, నిజానికి వందల చిన్న జంతువులు కలిసి పెట్టిన కాపురం.

కొల్లేటికోట పడవాయన ఒకాయన ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో పాతిన వెదురు గుంజ ముక్కని, ఆ నీళ్లతోనే, కుండలో కాలేజీ ల్యాబుకి తెచ్చిపెట్టాడు. నీళ్లతో సహా గిన్నెలోకి మార్చి చూస్తే దాని నిండా గోధుమరంగు నూగు. కొస తుంచి నిమ్మరసం పిండాను, పొంగలేదు. సున్నం లేదన్నమాట, మెత్తటి రకమే. దారం లాంటి తీగ గుంజ మీద పాకింది, తీగ మీద గొట్టాలు గుత్తులుగా లేచాయి. అంతవరకూ కుదిరింది. గొట్టాల్లోంచి ఆ జంతువుల చేతులు బయటికొచ్చి, అవి ఎనిమిదైతే అదేనని తేలిపోతుంది.

రాలేదు. గంట చూశాను. భూతద్దం తుడిచాను, గిన్నె తిప్పాను, సూదితో పొడిచాను. ఏడుపొచ్చింది.

గుమ్మంలో కూర్చున్న పడవాయన మొహమాటంగా అన్నాడు: "ఏవండీ, తమరు కాలు ఊపుతున్నారండీ. బల్లంతా అదురుతోంది. పడవలో అలా ఊపితే చేపే రాదండీ, ఇవేం వస్తాయండీ?"

సిగ్గేసింది. బాసింపట్టు వేసుకుని, మోకాలి మీద పుస్తకాలు బరువు పెట్టుకున్నాను. కాసేపటికి ఒక గొట్టం మూతి విప్పింది. సన్నటి చేతులు, ఎనిమిది! కేకేసి లెక్చరర్‌గారి గదికి పరిగెత్తాను. ఇద్దరం వచ్చేసరికి అన్నీ మూసుకుపోయాయి.

ఆయన బల్ల ముందు కూర్చున్నారు. వాచీ చూసుకున్నారు. మళ్లీ చూసుకున్నారు. గిన్నెలో నీళ్లు వణుకుతున్నాయి. బల్ల కిందికి వంగి చూస్తే, ఈసారి ఊగుతున్నది గురువుగారి కాలు.

పెద్దాయనతో ఎలా చెప్పను? చెప్పకపోతే వాల్తేరు పోయినట్టే. పడవాయన నా వంక చూశాడు, నేను నేల వంక చూశాను. చివరికి ఆయన మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా అదిమిపట్టాను.

ఆయన ఉలిక్కిపడి నన్ను చూశారు. మళ్లీ గిన్నె మీదికి వంగారు. గొట్టాలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు.

"ఎనిమిదేనయ్యా" అన్నారు. "ఇక వదులు, కాగితం అందుకోవాలి."

అప్పటిదాకా ఆయన మోకాలు పట్టుకునే ఉన్నానని నాకు తెలియలేదు.