కోళ్ళకు పోసిన గింజలు

రేషను డిపో బియ్యంలో అక్కడక్కడా వేరే రకం గింజలు వచ్చేవి. కాస్త పసుపుగా, నున్నగా ఉండి, కడిగితే నీళ్ళ మీద తేలేవి. "పిలాస్టిక్కు బియ్యమే ఇవి. పేదోళ్ళంటే అందరికీ అలుసే" అని కళింగపట్నంలో మా వీధంతా నమ్మేసింది. ఊరికే వచ్చేదాన్ని నమ్మడం మాకు అలవాటు లేదు. మధ్యాహ్నం ఎండుచేపలు తిరగేసి వచ్చాక ఆడవాళ్ళం అరుగు మీద చేటలు పెట్టుకుని, ఆ గింజలు ఏరి కోళ్ళకు పోసేవాళ్ళం.

మా వదిన కడుపుతో ఉందని తెలిశాక అమ్మ ఏరుడు మరీ ఎక్కువైంది. మా కంచాల్లో ఒకటీ అరా వచ్చినా పట్టించుకునేది కాదు గానీ, వదినకు విడిగా వండే బియ్యం మాత్రం రెండుసార్లు చూసేది.

"వట్టి మనిషి కాదు. దాని కడుపులోకి ఈ సెత్త ఎల్లకూడదు" అనేది.

వదిన రోజురోజుకీ పాలిపోయింది. రక్తం బాగా తక్కువగా ఉందని నర్సమ్మ ఇంటికొచ్చి, ఏం తింటోందని అడిగింది. అమ్మ గర్వంగా చేట చూపించింది. పక్కనే గింజలు తింటున్న కోళ్ళను చూసి నర్సమ్మ తల పట్టుకుంది. రక్తం పట్టడానికని సర్కారు మందు కలిపి చేయించిన గింజలట అవి. సంచి మీద రాసి ఉంటుందట. సంచి డిపోలోనే ఉండిపోతుంది, మాకు కొలిచి పోసేది బియ్యమేగా! తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటికే నెలలు నిండుతున్నాయి. మాత్రలు మింగినా, సూదులు వేసినా బిడ్డ దక్కలేదు. కారణాలు చాలా ఉంటాయని, ఆ గింజలొక్కటే కాదని డాక్టరమ్మ చెప్పింది. అది అమ్మ చెవికెక్కలేదు. "నా సేత్తో నానే తీసీసాను" అంటూ గోడకు చేరగిలబడింది. ఆ తరవాత చేట ముట్టలేదు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వదిన చేటలో బియ్యం పోసి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"రాళ్ళు నువ్వే ఏరాలత్తా. నాకు కనిపించడం నేదు."

ఇంట్లో అందరికీ సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది వదినే.

అమ్మ ఏడుస్తూనే వేలితో బియ్యం కదిపింది. ఒక రాయి దొరికితే తీసి పడేసింది. పసుపు గింజ దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. వదిన ఆ చేతి మీద తన చెయ్యి వేసి, ఆ గింజను బియ్యంలోకి కలిపేసింది.