పిల్లల గదిలో సీట్లమ్మ

లైబ్రరీలో పుస్తకం తీసుకున్న ప్రతిసారీ ఆవిడ ఒక అబద్ధం ఆడాల్సి వచ్చేది. కౌంటర్ దగ్గర అమ్మాయి పుస్తకం మీద ముద్ర వేస్తూ, తల ఎత్తకుండానే "పాపకేనా?" అని అడిగేది. "ఆఁ, పాపకే" అనేది ఈవిడ. పాప లేదు. ఎప్పుడూ లేదు. ఇంట్లో ఉండేది ఆవిడా, బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే ఆవిడ మొగుడూ, అంతే. పిల్లలు లేని మనిషి చేత, ఒక పుస్తకం కోసం, వారం వారం ఒక పిల్లని పుట్టించే పద్ధతి అది. ఎవరూ పనిగట్టుకుని ఆవిడ కోసం పెట్టింది కాదు. బొమ్మలున్న పుస్తకమంటే పిల్లల విభాగం; పిల్లల విభాగం పుస్తకమంటే పిల్లలకీ, వాళ్ళ తరఫున వచ్చిన పెద్దలకీ మాత్రమే ఇవ్వాలి. తిట్టుకుందామంటే ఎదురుగా మనిషి కూడా లేడు. ఆవిడ నోరు మూసుకుని భరించింది, చాలా ఏళ్ళు.

బస్సు డిపోలో చిరిగిన సీట్లు బాగుచేయడం ఆవిడ ఉద్యోగం. డ్రైవర్లూ కండక్టర్లూ సీట్లమ్మ అంటారు; అసలు పేరు జీతమిచ్చే గుమాస్తాకి తెలుసేమో. డిపో వెనక రేకుల షెడ్డులో కూర్చుని, పాత రెగ్జిన్ చీల్చి తీస్తుంది. లోపల స్పాంజి మీద ఎక్కిన దిగిన వాళ్ళందరి బరువూ గుంటగా మిగిలి ఉంటుంది. ఆ గుంటలో కొత్త ముక్క అతికించి, పైన రెగ్జిన్ బిగలాగి, వంకర సూదితో అంచు కుడుతుంది. సీటు సందుల్లో దువ్వెనలు, బొత్తాలు, ఒకసారి కట్టుడు పళ్ళు కూడా దొరికాయి. అలాగే ఒకసారి పుస్తకం దొరికింది. పోగొట్టుకున్నవాళ్ళు వస్తారని డిపో ఆఫీసు కిటికీలో చాన్నాళ్ళు పెట్టారు. ఎవరూ రాకపోయేసరికి మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చింది.

అన్నం తింటూ తెరిచింది. క్యారేజీకి మూత పెట్టడం మర్చిపోయింది.

అదొక నది ఒడ్డు పట్టణం. అక్కడ మనుషులు పోతే నీడలు మిగిలిపోతాయి. వాటిని అవతలి ఒడ్డుకి దాటించే పడవావిడ కథ అది. ఒకే రచయిత్రి రాసి, బొమ్మలు కూడా తనే గీసిన ఏడు భాగాలు. పడవావిడకి యాభై దాటాయి, మోకాలు నొప్పి, కోపం ఎక్కువ. ఏ భాగంలోనూ ఏ మంత్రమూ ఆవిడని పడుచుపిల్లని చేయదు. నీడలు దాటాలంటే ముందు రాజు అనుమతి ఉండాలని కొత్త చట్టం వస్తే, ఆవిడ నది మధ్యలో పడవ ఆపేసి, చట్టం చదవడానికి వచ్చిన భటుడితో "దిగి నడిచి వెళ్ళి చెప్పు మీ రాజుకి" అంటుంది. రెండు పేజీల నిండా నీళ్ళూ, నిలబడిపోయిన పడవా. ఆ బొమ్మ చూశాక సీట్లమ్మకి మిగతా ఆరు భాగాలూ చదవకుండా ఉండడం కుదరలేదు. అందుకే లైబ్రరీ, అందుకే పాప.

ఇంట్లోనూ సుఖం లేదు. మొగుడు మంచివాడే. "ఏమిటోయ్, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు, మాక్కూడా చెప్పొచ్చుగా" అనేవాడు. చెప్పడం మొదలుపెడితే రెండో వాక్యానికి గురక పెట్టేవాడు. ఆడపడుచు మాత్రం వచ్చినప్పుడల్లా వదలదు.

"వదినా, ఈ వయసులో బొమ్మల పుస్తకాలేంటి? ఇంట్లో పిల్లలు తిరగకపోతే మనసు ఇలాగే చిన్నపిల్లదైపోతుందేమోలే పాపం."

"ఏమోనమ్మా" అని సీట్లమ్మ ఉల్లిపాయలు తరిగేది. ఉల్లిపాయలు ఉండబట్టి సరిపోయింది.

మొదటి తోడు దొరికింది ఆ పిల్లల గదిలోనే. నాలుగో భాగం కోసం చెయ్యి చాపితే ఇంకో చెయ్యి అడ్డొచ్చింది. ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన పెద్దాయన.

"మనవడి కోసం" అన్నాడాయన, అడగకుండానే.

"నేను పాప కోసం."

ఇద్దరూ పుస్తకం మాత్రం వదల్లేదు.

"పడవ ఆపేసిన చోటు మీ మనవడికి నచ్చిందా బాబాయిగారూ?" అంది ఈవిడ.

"నచ్చడమా! మూడు రోజులు అన్నం సయించలేదు..." అని ఆగి, ఆయన చుట్టూ చూశాడు. "నాకు మనవడెవరూ లేడమ్మా."

"నాకూ పాప లేదు."

ఆ రోజు ఇద్దరూ నవ్విన నవ్వుకి కౌంటర్ అమ్మాయి వచ్చి ష్ అంది. తర్వాత "మా క్లాసు పిల్లలకి" అని అబద్ధమాడుతూ లెక్కల టీచరమ్మ దొరికింది. ఆదివారం పొద్దున్న ముగ్గురూ పిల్లల గదిలో చేరేవాళ్ళు. కుర్చీలు జానెడెత్తే ఉంటాయి. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. కాంపౌండరుని లేపడానికి మిగతా ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకోవాలి. అయినా పుస్తకం ముందుంటే ఏదీ గుర్తుండేది కాదు.

కాంపౌండరు సొంతంగా కూడా పోగేసేవాడు. పాత పుస్తకాల షాపులన్నీ తిరిగి ఐదు భాగాలు సంపాదించి, మందుల అట్టపెట్టెలో కలరా ఉండలు వేసి దాచాడు. చేతులు కడుక్కుంటే గానీ ముట్టనివ్వడు. మూడూ, ఐదూ మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆ రెంటికీ లైబ్రరీ కాపీలే గతి.

ఆ ఐదో భాగం మీద వాళ్ళు ఏడాదికి పైగా పోట్లాడుకున్నారు. మూడో భాగంలో పడవావిడ తమ్ముడు ఉన్నట్టుండి మాయమైపోతాడు. చనిపోయాడని తర్వాత ఎవరో అంటారు. ఐదో భాగం నడిమధ్యలో అదే తమ్ముడు బజారులో కూర్చుని తాపీగా తెడ్డు చెక్కుతుంటాడు. ముందు వెనకల్లో ఆ మాటే లేదు; పేజీలకి అంకెలూ లేవు.

"చావు అబద్ధం" అని టీచరమ్మ వాదన. ఏ సంవత్సరంలో ఏం జరిగిందో గీతలు గీసి రుజువు కూడా చూపించేది.

"అది కల తల్లీ. అంచుల్లో రంగు చూడు, కాస్త వెలిసినట్టు లేదూ?" అని కాంపౌండరు.

"కలా కాదు, అబద్ధమూ కాదు" అనేది సీట్లమ్మ. "పోయినవాళ్ళు అలాగే వస్తారు, మనం పనిలో ఉన్నప్పుడు. వచ్చి వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే మా అమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుతుంటుంది. నన్ను పలకరించదు కూడా."

ఆ వారానికి పోట్లాట అక్కడ ఆగేది. మరుసటి వారం మళ్ళీ మొదలు.

ఒక ఆదివారం కాంపౌండరు రొప్పుతూ వచ్చాడు. మూడూ ఐదూ ఒకే పురికొసతో కట్టి దొరికాయట. ముగ్గురూ చేతులు కడుక్కుని, లైబ్రరీ కాపీలు పక్కన పెట్టుకుని పేజీలు తిప్పారు. తమ్ముడు తెడ్డు చెక్కే పేజీలు మూడో భాగంలో ఉన్నాయి. వాటి వెంటే చావు కూడా, శుభ్రంగా, అందరికీ అర్థమయ్యేలా ఉంది; లైబ్రరీ కాపీల్లో ఆ చావు పేజీ ఎక్కడా లేదు. లైబ్రరీవాళ్ళు రెండు పుస్తకాలూ ఒకేసారి బైండింగుకి పంపినట్టున్నారు. అక్కడెవరో మూడో భాగంలోంచి ఒక కట్ట పేజీలు ఊడదీసి, చావు పేజీ పోగొట్టి, మిగతావి ఐదో భాగంలో కలిపి కుట్టేశారు.

"ఏడాది!" అంది టీచరమ్మ. "బైండింగువాడి పొరపాటుకి ఏడాది నుంచి రుజువులు గీస్తున్నాను!"

"రంగు వెలిసిందన్నావుగా బాబాయ్, వెలిసింది" అని సీట్లమ్మ పొట్ట పట్టుకుంది. "అయినా నా మాట నాదే. తమ్ముడు ఐదో భాగంలోనూ ఉండాల్సిందే. ఆవిడ పెట్టకపోతే బైండింగువాడు పెట్టాడు, పుణ్యాత్ముడు!"

ఆ నవ్వులకే కొత్త లైబ్రేరియన్ లోపలికొచ్చాడు. వచ్చి నెల కాలేదు. మర్యాదగానే మాట్లాడాడు.

"ఇది పిల్లల గదండీ. పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళు ఇక్కడ కూర్చోకూడదు."

"ఈ పుస్తకాలు ఇక్కడే ఉన్నాయి కదండీ" అంది టీచరమ్మ.

"ఎక్కువ రోజులుండవులెండి. పిల్లలెవరూ వీటిని తీసుకోవట్లేదు. ఎవరూ తీసుకోని పుస్తకాలు తీసేస్తున్నాం. వచ్చే వారం పాత కాగితాల బండి వస్తుంది."

సీట్లమ్మ నవ్వు ఆగిపోయింది. "మేం తీసుకుంటున్నాం కదా సార్?"

"మీరు పిల్లల తరఫున తీసుకున్నారు. కౌంటర్‌లో అడిగితే ఆ పిల్లలు ఒక్కసారీ రాలేదన్నారు. అసలు ఇందులో చావులూ యుద్ధాలూ ఉన్నాయి, పిల్లలకి తగినవి కావు."

"అయితే పెద్దల గదిలో పెట్టండి."

"బొమ్మల పుస్తకాలు పెద్దల గదిలో పెట్టరమ్మా."

చూశారా తిరకాసు! పిల్లలకి ఇవ్వకూడదు కాబట్టి పిల్లల గదిలోంచి తీసేయాలి. బొమ్మలున్నాయి కాబట్టి పెద్దల గదిలో పెట్టకూడదు. మధ్యలో మిగిలింది తూకం వేసే బండి. పడవావిడా, ఆవిడ నదీ, ఏడు భాగాలూ పొట్లాలు కట్టడానికి పోతాయి. కాంపౌండరు పెట్టెలోవి ఆయన ఒక్కడివి, ఊరందరివీ ఇవే.

దీనికి చాలా తేలిక దారి ఒకటి ఉంది. కౌంటర్ అమ్మాయే వాళ్ళని పక్కకి పిలిచి చెప్పింది. "ఆంటీ, ఎవరి దగ్గరైనా ఉన్న పుస్తకాలని బండికి వేయరు. ఏడూ మీరే పట్టుకెళ్ళండి. ఎప్పట్లాగే పాపకని చెప్పండి, ముద్ర వేసేస్తాను. ఈ గొడవ చల్లారాక చూద్దాం."

"చెప్పేయవమ్మా" అన్నాడు కాంపౌండరు ఆత్రంగా. "ఇన్నేళ్ళు చెప్పాం, ఇంకొక్కసారికి ఏం పోయింది?"

సీట్లమ్మ ఏడు పుస్తకాలూ ఎత్తుకుని కౌంటర్ దగ్గర పెట్టింది. లైబ్రేరియన్ అక్కడే నిలబడి ఉన్నాడు. అమ్మాయి ముద్ర పైకెత్తి, బతిమాలుతున్నట్టు చూస్తూ, "పాపకేనా?" అంది.

"కాదమ్మా. నాకే."

ముద్ర గాల్లోనే ఆగింది.

"పాప లేదు" అంది సీట్లమ్మ, గది చివరిదాకా వినబడేలా. "ఎప్పుడూ లేదు. ఏడు భాగాలూ నేనే చదివాను, ఒక్కోటి లెక్కలేనన్ని సార్లు. డిపోలో రోజంతా పదిమంది కూర్చోవడానికి సీట్లు కుడతాను. నాకు నచ్చిన పుస్తకం చదువుకోవడానికి ఎవరి తల్లినో అయి ఉండాలా సార్? ఉట్టి మనిషినైతే చాలదా?"

"నిబంధన నేను పెట్టలేదమ్మా" అన్నాడు లైబ్రేరియన్. "పిల్లల కోసం కాదంటే ఇవ్వడానికి వీల్లేదు."

"ఇవ్వకండి. ఇక్కడే చదువుకుంటాను."

పుస్తకాలు మళ్ళీ ఎత్తుకుని పిల్లల గదిలోకి వెళ్ళి, గుమ్మానికి ఎదురుగా ఉన్న చిన్న కుర్చీలో కూర్చుంది. మొదటి భాగం తెరిచి, బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. బొమ్మ వచ్చినచోట అందులో ఏముందో చెప్పేది.  టీచరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాంపౌండరు గుమ్మం దగ్గర తటపటాయించి, "నన్ను లేపే బాధ్యత మీదే మరి" అంటూ ఆయనా కూలబడ్డాడు. పెద్దల గదిలో పేపర్లు చదువుకునేవాళ్ళు ఒక్కొక్కరే కిటికీ దగ్గర చేరారు. మూసే వేళ దాకా ఎవరూ లేవలేదు.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్ళింది. ఆ మర్నాడు కూడా. సంగతి డిపోకి పాకింది. గ్రీజు చేతుల మెకానిక్కులూ, కండక్టర్లూ కౌంటర్ దగ్గర నిలబడి, "బొమ్మల పుస్తకం ఇవ్వమ్మా, పిల్లలకి కాదు, నేను చదువుకోవడానికి" అని అడగడం మొదలుపెట్టారు. కొందరికి ఆ కథ గురించి ఏమీ తెలియదు. సీట్లమ్మ కోసం అడిగారు. మొగుడు బేకరీ నుంచి పిండి చొక్కాతోనే వచ్చి, కిటికీ దగ్గర నిలబడి విన్నాడు. ఆ పూట గురక పెట్టలేదు. ఆడపడుచు ఫోను చేసి, "ఊరందరి ముందూ పిల్లల్లేరని అరిచావట, పరువు తీశావు వదినా" అంటే, "లేనిది లేదన్నాను. దానికి సిగ్గెందుకు?" అని పెట్టేసింది. ఉల్లిపాయల అవసరం పడలేదు.

బండి వచ్చింది. మిగతా పుస్తకాలు ఎక్కించుకుంది. ఆ ఏడు భాగాల జోలికి వెళ్ళే ధైర్యం లైబ్రేరియన్ చేయలేదు. పై కమిటీ తేల్చేదాకా ఉంచుతానన్నాడు. ఇప్పుడవి రెండు గదుల మధ్య నడవాలో ఒక బల్ల మీద ఉన్నాయి. అటు పిల్లలవీ కావు, ఇటు పెద్దలవీ కావు. కమిటీ ఇంకా కూర్చోలేదు. "ఇలా అడిగేవాళ్ళు ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేరే" అని కమిటీలో ఒకాయన అన్నాడట. సీట్లమ్మ రోజూ డ్యూటీ దిగాక ఆ నడవాలో నిలబడి చదువుతోంది. అక్కడ కుర్చీ వేయలేదు.

ఆ కమిటీ ఆయన మాట అబద్ధం చేయడం మన చేతుల్లో పని. ఈ వారం మీ దగ్గర్లోని లైబ్రరీకి వెళ్ళండి. బొమ్మల కథ ఒకటి మీ పేరు మీద అడగండి. "ఇవ్వం" అంటే, ఎందుకివ్వరో కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం మీ దగ్గర దాచుకోకండి, పైవాళ్ళకి పంపండి. తోడుగా ఇంకొకర్ని తీసుకెళ్ళండి. ఒక్కరు అడిగితే పిచ్చి అంటారు, పదిమంది అడిగితే నిబంధన మారుస్తారు.