కంకి ముద్ర

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ తడుముళ్ళ మావయ్య అంటారు. సరుకు బయటి దేశాలకు పంపేవాళ్ళ తరఫున కస్టమ్స్ వాళ్ళకి కాగితాలు దాఖలు చేసి, ఆ సరుకు ఓడ ఎక్కేదాకా వెంట ఉండడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. బల్ల దగ్గర కూర్చుని కూడా చేసుకోవచ్చు, తోటి గుమాస్తాలంతా అలాగే చేస్తారు. ఈయన మాత్రం ప్రతి సరుకు కోసం రేవు షెడ్డు దాకా నడిచి వెళతాడు. పెట్టెల్ని చేత్తో నిమిరి, అంటించిన చీటీ మీద వేలు పెట్టి చదివి, క్షణం కళ్ళు మూసుకుని "స్వామీ, క్షేమంగా చేర్చు" అనుకుంటే గానీ సంతకం పెట్టడు.

"కూరగాయలకెళ్ళినా ఇంతే," అంటుంది ఆయన భార్య. "ఒక్కొక్క బెండకాయనీ పలకరిస్తే గానీ సంచిలో వేయరు. సరుకు చూడకుండా ఒప్పుకున్నది నన్నొక్కదాన్నే. ఫొటో చూసి సరేనన్నారు."

"అందులోనూ మోసపోలేదుగా!" అంటాడాయన చెప్పులేసుకుంటూ.

ఆ రోజు ఆయన షెడ్డుకి చేరేసరికి తొమ్మిదయింది. మట్టికప్పులావిడ అప్పటికే లారీ దింపించుకుని గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఇంకో పదిమంది ఆడవాళ్ళతో కలిసి కప్పులు చేసి, కాల్చి, రంగులు పూసి అమ్ముతుంది. సముద్రం దాటి వెళుతున్న మొదటి సరుకు అదే. సాయంత్రం నాలుగింటికి ఆ ఓడకి సరుకు వెళ్ళే గేటు మూసేస్తారు. ఈ ఓడ ఎక్కకపోతే మాకు అక్కర్లేదని కొనేవాళ్ళు ముందే రాసేశారు. అందుకే కాబోలు, ఆవిడ పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

కప్పుల అట్టపెట్టెలన్నీ పన్నెండు ప్యాలెట్ల మీద, అంటే అడుగున ఉండే చెక్క చట్రాల మీద, ముచ్చటగా పేర్చి ఉన్నాయి. మావయ్య అలవాటు ప్రకారం వంగి చెక్కని నిమిరాడు. పసిపిల్ల బుగ్గలా నున్నగా తగిలింది. రెండోది తడిమాడు. మూడోది. ఎక్కడా గుర్తు కనిపించలేదు.

"అమ్మా, ఈ చెక్క మీద నల్లగా కాల్చిన గుర్తు ఉండాలే. కంకి బొమ్మ."

"ఉండేది బాబాయిగారూ. మేమే గీకేశాం." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "పదకొండు మందిమీ నాలుగు రోజులు కూర్చుని గరుకు కాగితం పెట్టి రుద్దాం. ఎక్కడ చూసినా పేళ్ళు లేచి ఉన్నాయండీ. ఎత్తి దించేవాళ్ళ చేతుల్లో దిగిపోవూ! పైగా మీరే రాశారుగా, చెక్క శుభ్రంగా ఉండాలని."

సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించింది. మావయ్య చేతిరాతే. బెరడు, మట్టి, పురుగు ఉండకూడదని ఆయన ఉద్దేశం. ఆ సంగతి విడమరిచి రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో ముద్రని గీకేసినవాళ్ళు ఎవరూ లేకపోయారు మరి.

ఆయన అక్కడే పెట్టె మీద కూర్చుని, మెల్లగా చెప్పాడు. చెక్కని వేడిలో పెట్టి లోపలి పురుగుని చంపామని చెప్పేది ఆ ముద్రే. అది లేని చెక్కని అవతలి రేవులో దిగనివ్వరు. సరుకుని వెనక్కి పంపుతారు, లేదా చెక్కతో పాటు తగలబెట్టిస్తారు. మళ్ళీ మనం వేద్దామంటే కుదరదు. అనుమతి ఉన్నవాళ్ళే వేయాలి.

ఆవిడ ఏడవలేదు. నేలని చూస్తూ, "మిగతా పదిమందికీ నేనేం చెప్పనండీ? గీకుదామన్నది నేనే," అంది.

సంగతి విని ఆఫీసు యజమాని స్కూటరు మీద వచ్చాడు. "మావయ్యా, వేడి చేయించినట్టు సర్టిఫికెట్ ఉంది. ఇక్కడ ఎవరూ ఆపరు. అవతలి రేవు సంగతి మనకెందుకు చెప్పు?"

మావయ్య ఆవిడ చేతిలోని తన కాగితాన్ని చూపించాడు. "శుభ్రంగా అని రాసింది నేను బాబూ. ఆవిడ నా మాటే విన్నది."

యజమాని ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఓ నిట్టూర్పు విడిచి, ఫోన్ తీసి, నీటి మోటార్లు ఎగుమతి చేసే పక్క షెడ్డాయనతో అన్నాడు: "అన్నా, ముద్ర ఉన్న ప్యాలెట్లు పన్నెండు కావాలి. రేపు కాదన్నా, ఇప్పుడే. అలాగేలే, తిట్టడం తర్వాత తిడుదువుగాని."

ప్యాలెట్లు వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. కప్పులు మీటితే పగిలేవి. ఆరువందల పెట్టెల్నీ చేత్తోనే ఒక్కొక్కటిగా మార్చాలి. సరుకు ఎత్తి దించే కళాసీలు అప్పుడే అన్నం డబ్బాలు విప్పుతున్నారు.

"గురువుగారూ, మీ మీద గౌరవముంది," అన్నాడు కళాసీల మేస్త్రీ. "కానీ పొద్దున్నుంచి రెండు లారీలు దించాం. దేవుడే దిగొచ్చినా ఇప్పుడు చెయ్యి కదలదు."

మావయ్య బతిమాలలేదు. మేస్త్రీ చెయ్యి పట్టుకెళ్ళి చెక్క మీద పెట్టాడు. "తడుము."

"మీ జబ్బు నాకూ అంటిస్తున్నారా? ఏముందిందులో? నున్నగా ఉంది."

"ఎవరి కోసం నున్నగా చేశారో ఆవిడ్ని అడుగు."

ఆవిడ తలెత్తలేదు. "మీ చేతులకి గుచ్చుకుంటాయని అన్నయ్యా," అంది గొణుగుతున్నట్టుగా.

మేస్త్రీ తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి కింద, వారం నాటి పేడు ఇంకా నల్లగా లోపలే ఉంది.

"ఒరేయ్," అని అరిచాడు కళాసీల వైపు తిరిగి. "మన చేతుల్ని తలుచుకున్న సరుకు వచ్చిందిరా! మా ఇంట్లోనే అడగరు, ఏం గుచ్చుకుందని. డబ్బాలు మూసేయండి. అన్నం ఎక్కడికీ పోదు, పోయేది ఓడ!"

ఏడుగురు కళాసీలు వరసగా నిలబడి, పెట్టెల్ని ఒకరి చేతిలోంచి ఒకరికి నిద్రపోతున్న పిల్లల్లా అందించారు. మావయ్య ఈలోగా కస్టమ్స్ ఆఫీసరుని కలిసి, జరిగింది దాచకుండా చెప్పి, మార్చడానికి అనుమతి రాయించుకున్నాడు. కొత్త ప్యాలెట్లతో తూకం మారింది కాబట్టి ఆ కాగితాలూ సరిదిద్దాడు. నాలుగింటికి ఇంకా పన్నెండు నిమిషాలుండగా కంటైనరు తలుపు మూసి సీలు వేశారు. లారీ గేటు దాటేదాకా మట్టికప్పులావిడ రెండు చేతులూ జోడించే ఉంది. ఎవరికి జోడించిందో ఆవిడకే తెలియాలి.

నున్నటి ప్యాలెట్లు పన్నెండూ షెడ్డులో మిగిలిపోయాయి. "వీటినేం చేస్తారు?" అన్నాడు మేస్త్రీ, చల్లారిన అన్నం కలుపుతూ. "ఒకటి మాకిస్తే కూర్చోడానికి బల్ల చేసుకుంటాం. గీరుకోకుండా కూర్చోవడం మాకూ అలవాటు కావాలి కదా!"

అందరూ నవ్వారు. పొద్దుటినుంచీ మొదటిసారి ఆవిడ కూడా నవ్వి, మంచినీళ్ళు అడిగింది.

మావయ్య ఆఫీసుకి తిరిగొచ్చి, అందరికీ పంపే సూచనల కాగితం తీసి, "చెక్క శుభ్రంగా ఉండాలి" అన్న వాక్యం కింద, దిద్దుడు అక్షరాలతో మరో మాట చేర్చాడు:

"కంకి ముద్ర జోలికి పోకండి. మిగతా చెక్కని ఎంత నున్నగా చేయగలిగితే అంత నున్నగా చేయండి. ఎత్తేది మనుషులు."