ఊడ్చేయమన్న కాగితాలు

ఈ సంగతి ఇంతకు ముందే రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. అవి వచ్చినా, మనసులో ఉన్నది వాక్యంగా కుదరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో, ఉద్యోగాల కోసం వచ్చేవాళ్ల పేర్లు రాసుకునే ఒక ఆఫీసులో ఊడ్చి, నీళ్లు పట్టిపెట్టే పని నాది. ఒకసారి పనుల పుస్తకం కొత్తది వచ్చింది. మనుషులు చేసే ప్రతి పనికీ అందులో ఒక పేరు, ఒక నెంబరు. పాతదాంట్లో లేనివి చాలా చేర్చారట. దాన్ని వాడడం నేర్పడానికి ఒక పెద్దాయన వచ్చాడు. నేర్చుకోవడానికి పుంగనూరు నుంచి, కుప్పం నుంచి గుమాస్తాలు వచ్చారు.

రెండో రోజు మధ్యాహ్నం, ఎవరినైనా అడిగి రాసి చూపించండని పెద్దాయన నన్నే కుర్చీలో కూర్చోబెట్టాడు. కుప్పం గుమాస్తా కళ్లజోడు సర్దుకుని కాగితం తీసుకున్నాడు.

"ఈడికి రాకముందు ఏం పని చేస్తా ఉంటివక్కా?"

"ఏం లేదప్పా. ఇంట్లో ఊరికే ఉంటి."

"ఊరికే ఉండేదానికి నెంబరుంటే నాకూ రాయప్పా, రేపే చేరిపోతా," అన్నాడు పుంగనూరాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుప్పం ఆయన 'పని లేదు' అని రాసి, పైకి చదివాడు.

పెద్దాయన నవ్వలేదు. "మన పక్క ఆడోళ్లంతా ఇదే మాట సెప్తారు. పనేందని అడగొద్దు. పొద్దున లేస్తానే ఏం జేస్తావని అడుగు."

అలా అడిగాక నా నోరు ఆగలేదు. చౌడేపల్లె పక్కన అత్తగారింట్లో పదిహేనేళ్లు పట్టుపురుగులు మేపాను. తెల్లవారకముందే మల్బరీ ఆకు కోసుకొచ్చి, తరిగి, రోజుకు ఐదు మార్లు వేయాలి. పొర విడిచే ముందు పురుగు తలెత్తి కదలకుండా ఉంటుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగు జ్వరాలు దాటి, ఒళ్లు పసుపు తిరిగి మాగాక ఏరి తడికల మీద వేస్తే గూడు కడుతుంది. మా ఆయన పోయాక మరుదులు పురుగులు మేపే గదికి తాళం వేసుకున్నారు. అది మాత్రం చెప్పలేదు. చెబుతున్నంతసేపూ చేతులకు కోసిన ఆకు వాసన వస్తున్నట్టే ఉంది.

"సూడు, ఈడ ఉండాది!" కుప్పం ఆయన పుస్తకంలో ఒక వరుస మీద వేలు పెట్టాడు. "పట్టుపురుగులు పెంచేవారు." ముందు రాసింది కొట్టేసి ఆ పేరూ నెంబరూ రాశాడు. నేను చేసింది కూడా ఒక పనేనని ఎక్కడో అచ్చేశారని అప్పుడే తెలిసింది.

సాయంత్రం వాళ్లు నేర్చుకోవడానికి రాసిన కాగితాలన్నీ నేల మీద పడేసి, ఊడ్చేయమని వెళ్లిపోయారు. వంగి ఒక్కొక్కటే చూశాను. అన్నిట్లోనూ కొట్టివేతలే, అన్నిట్లోనూ నెంబర్లే. నాది ఏదో తెలియలేదు. ఆ గది ఇక నాకు రాదు, ఆ పురుగులూ రావు. ఆ కాగితమైనా నా దగ్గర ఉండాలనిపించింది. చీపురు గోడకు ఆనించి, అన్నిటినీ కొంగులో మూటగట్టుకుని ఇంటికి పోయాను.

మరుసటి పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర కుప్పం ఆయన కోసం కాచుకున్నాను. మూట విప్పి, "దీంట్లో నాది యాడుండాదో తీసియ్యప్పా" అన్నాను. ఆయన వెతికి ఇచ్చి లోపలికి పోబోయాడు.

"ఉండప్పా. పట్టుపురుగు అనేది యాడ మొదలవుతాదో సూపించు."

చూపించాడు. మెట్టు మీదే కూర్చుని, దుమ్ములో ఆ మొదటి అక్షరాన్ని వేలితో దిద్దాను.