దోన్కాకిచ్చిన మాట

ఏడాది కాగితం అంటించే వేళ దగ్గరపడింది. వాళ్ళ ఊరు రూసెలో ఎవరు పోయినా ఫొటోతో కాగితం అచ్చువేయించి వీధి తలుపుకి అంటిస్తారు. నలభయ్యో రోజుకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి. పెళ్ళాం దోన్కా పోయాక మొదటి రెండూ మెతోడి ఏదో తోచింది రాయించి అంటించేశాడు. ఈసారి మాత్రం అచ్చుకొట్టువాడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఫొటో కింద ఏం వేయాలో చెప్పలేకపోయాడు. దోన్కా ఆఖరుసారి మాట్లాడినప్పుడు ఏదో అడిగింది. చేస్తానని మాటిచ్చాడు. ఏం చేస్తానన్నాడో అతనికే తెలియదు.

తెలియకపోవడమేమిటని అడక్కండి. మనిషి అలాంటివాడు. ఊళ్ళో కొట్లవాళ్ళకీ డాక్టర్లకీ వెబ్‌సైట్లు నడిపిపెట్టే చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకుంటాడు. దోన్కా సోఫియా నగరంలో ఆసుపత్రిలో ఉంటే, ఈయన పని వదిలి కదల్లేక, తమ ఇద్దరి కోసం ఆ సర్వర్ మీదే మాట్లాడుకునే పేజీ ఒకటి పెట్టాడు. ఆ సాయంత్రం ఆమె గొంతు తెగితెగి వస్తోంది. లోపం ఎక్కడుందో పట్టుకోవాలని, లైన్లో పోయే ప్రతి ముక్కనీ ఒక ఫైల్లోకి ఎక్కిస్తూ కూర్చున్నాడు మహానుభావుడు. ఆవిడ మాట్లాడుతోంది, ఈయన తెర మీద గీతలు చూస్తూ ఊఁ కొడుతున్నాడు.

"చేస్తావా మరి?" అంది దోన్కా.

"ఆఁ, చేస్తాలే."

"నిజంగా?"

"చేస్తానన్నాగా."

ఆమె నవ్వింది. అది మాత్రం విన్నాడు. తెల్లారేసరికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

ఆ మాటలు ఎక్కడికీ పోలేదు. అన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి, దారిలో ఎవరూ వినకుండా వేసే ఎన్‌క్రిప్షన్ తాళం కింద. తెరిస్తే అర్థంపర్థం లేని అంకెలు. ఏడాదిగా రోజూ తెరుస్తాడు, కాసేపు చూస్తాడు, మూసేస్తాడు. ఆ ఇంట్లో అతనితో మాట్లాడే దిక్కు ఇంకెవరూ లేరు.

ఒకప్పుడైతే ఆ తాళం తీయగలిగేవాడే. పాత పద్ధతిలో సర్వర్ దగ్గరుండే శాశ్వతమైన తాళంచెవి చేతికి చిక్కితే, ఏళ్ళ కిందటి మాటలనైనా విప్పుకోవచ్చు. ఆ పద్ధతిని పట్టుబట్టి మాన్పించింది మెతోడే. కొత్త పద్ధతిలో ఆ తాళంచెవికి ఒకటే పని: వచ్చినవాళ్ళకి ఇది అసలు సర్వరేనని, దొంగది కాదని రుజువు చూపడం. మాటలకి వేసే తాళం వేరే. రెండు వైపులవాళ్ళూ చెరొక రహస్యం తమ దగ్గరే ఉంచుకుని, దానితో కలిపి చేసిన అంకెల్ని నలుగురూ వింటుండగానే ఇచ్చిపుచ్చుకుంటారు. మధ్యలో విన్నవాడికి అంతుపట్టదు, ఆ ఇద్దరికీ మాత్రం ఒకే తాళంచెవి తేలుతుంది. మాటలు ముగిశాక ఇద్దరూ దాన్ని చెరిపేస్తారు. రేపు ఎవడైనా సర్వర్‌ని ఎత్తుకుపోయినా నిన్నటి మాటలు వాడికి దొరకవు.

దీని మీద అప్పట్లో ప్లామెన్‌తో పెద్ద గొడవైంది. ప్లామెన్‌ది ఆఫీసులో పక్క బల్లే. లోపం వచ్చినప్పుడు విప్పి చూసుకునే దారి ఒకటి మనకుండాలని అతని వాదన. పరాయివాళ్ళ మాటలు విప్పే దారే ఉండకూడదని మెతోడి పంతం. పంతం నెగ్గింది, స్నేహం చెడింది.

చివరికి సిగ్గు విడిచి ఆ ప్లామెన్ దగ్గరికే ఫైలు పట్టుకెళ్ళాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాడు, చేయలేదు. దోన్కా ఫోన్లో, సర్వర్‌లో, పాత నకళ్ళలో మూలమూలా గాలించాడు పాపం.

"లేదురా," అన్నాడు ప్లామెన్. "గట్టిగానే కట్టావు. చీమ దూరే సందు కూడా వదల్లేదు."

కాఫీ తెచ్చి మెతోడి ముందు పెట్టాడు.

"పోనీ, ఇకనుంచైనా తాళంచెవుల నకలు దాచుదామా? ఇంకెవడికీ ఈ గతి పట్టకుండా ఉంటుంది."

మెతోడికి ఆశ కలగలేదంటే అబద్ధం. ఇంకొకరి కన్నీళ్ళైనా ఆగుతాయేమో అనిపించింది. కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"వద్దు," అన్నాడు. "ఆ డాక్టర్ల పేజీల్లో జనం ఏమేం చెప్పుకుంటారో నీకూ తెలుసు. వినాల్సినప్పుడు నేను వినలేదు. అది తాళం తప్పా?"

వీధులన్నీ మిరపకాయలు కాల్చే వాసన. దోన్కా ఉన్నన్నాళ్ళూ ఈ రోజుల్లో బాల్కనీలో పొయ్యి పెట్టి కాల్చేది, సాయం పట్టమని పోరేది. ఈయన పెడచెవిన పెట్టేవాడు. ఈసారి తనే బస్తా మోసుకొచ్చి కాల్చాడు. సగం మాడ్చాడు. మిగిలినవాటితో పచ్చడి చేసి సీసాలకెత్తాడు. ఒక సీసా పట్టుకుని, ఏళ్ళుగా మాటల్లేని మరదలు స్తెఫ్కా ఇంటికెళ్ళాడు. అక్క ఏమైనా చెప్పిందా అని అడిగితే, స్తెఫ్కా ఏడ్చిందే గాని ఆమెకీ ఏమీ తెలియదు. సిగరెట్లు మానేశాడు. దోన్కా ఎప్పటినుంచో చెబుతున్న కిర్రుమనే బాల్కనీ తలుపు బాగుచేశాడు. ఏది అడిగిందో తెలియదు గనక, అడిగి ఉండగలిగినవన్నీ చేసుకుపోతున్నాడు. ఒక్కో పని అయ్యాక ఖాళీ వంటింటి వైపు తిరిగి, "ఇదేనా?" అంటాడు. అలా అడిగినప్పుడల్లా ఏడుపొస్తుంది.

ఆఖరికి ఓ రోజు అచ్చుకొట్టుకి వెళ్ళి ఏం వేయాలో చెప్పాడు. కాగితం తెచ్చి వీధి తలుపుకి అంటించాడు. దోన్కా ఫొటో కింద 'చేస్తున్నాను' అని ఒక్క మాటే ఉంది.

పక్కింటి ముసలావిడ సంచీ దించుకుని, కళ్ళద్దాలు సర్దుకుని చదివింది.

"ఏం చేస్తున్నావు నాయనా?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాడు మెతోడి.