మచ్చలేని ఆకులు

పేటలో ఎవరి మొహం మీద ఏ మచ్చ ఎక్కడుందో వాళ్ల అత్తగార్లకన్నా ఆమెకే బాగా తెలుసు. ఫోటో స్టూడియోలో ఏళ్ల తరబడి ఆమె పని అదే మరి, కంప్యూటర్ ముందు కూర్చుని మొటిమలు, గాట్లు, కళ్లకింది నలుపు చెరిపేయడం. చెరిపి చెరిపి మెడ పట్టేసింది, మణికట్టు మొండికేసింది. ఓనరు మాత్రం "ఇంకాస్త తెల్లగా చెయ్యమ్మా" అనడం మానలేదు. ఇక్కణ్ణించి బయటపడాలంటే డిగ్రీ ఒక్కటే దారని, పెళ్లప్పుడు వదిలేసిన కంప్యూటర్ చదువు మళ్లీ మొదలుపెట్టింది. కూతురి వయసు పిల్లలు క్లాసులో "అక్కయ్యా" అంటుంటే, పిన్నీ అననందుకు సంతోషించేది.

అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాయి, ఒక్క ఇమేజ్ ప్రాసెసింగ్ తప్ప. అది ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఈసారీ పోతే గడువు అయిపోతుంది, డిగ్రీ రాదు, చచ్చేదాకా ఆ కుర్చీయే గతి. అందుకే ప్రాజెక్టు కోసం సెలవు రోజులన్నీ ధారపోసింది. ఆకుల ఫోటోలు చూసి, తెగులు సోకినవేవో చెప్పే ప్రోగ్రాం అది. నూటికి తొంభై సరిగ్గా చెబుతోందని తెలిసి లెక్చరరు కూడా శభాష్ అన్నాడు.

వైవా రోజు పొద్దున, కాలేజీ వరండాలో కూర్చుని, ఊరికే ఉండలేక ఫలితాలు ఒక్కొక్కటే తెరిచి చూసింది. పచ్చటి ఆకు, "బాగుంది" అంది ప్రోగ్రాం. ఇంకో పచ్చటి ఆకు, బాగుంది. తెగులు ఆకు, అదీ బాగుంది! గబగబా మిగతావన్నీ తెరిచింది, అన్నిటికీ అదే మాట. వందలో తొంభై ఆకులు ఎలాగూ మంచివే. మిగతా పదింటినీ కూడా బాగున్నాయనేసి తొంభై మార్కులు కొట్టేసింది ఆ దొంగ ప్రోగ్రాం.

పొరపాటు కోసం ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. ఫోటోలో ఇసుక చల్లినట్టుండే పనికిరాని చుక్కల్ని తుడిచేసే ఫిల్టరొకటి క్లాసులో చెప్పారు. అన్ని పాఠాల్లోకీ అదొక్కటే ఆమెకు ఇట్టే ఎక్కింది. ఎక్కదూ మరి, రోజూ చేసే చాకిరీయేగా! మొట్టమొదట దాన్నే పెట్టింది, చాలదన్నట్టు ఒక్క చుక్కా మిగలనంత గట్టిగా పెట్టింది. తెగులు మొదలయ్యేదేమో సన్నటి చుక్కలతోనే. ఆకు వచ్చీ రాగానే దానికి శుభ్రంగా మొహం కడిగి పంపేసిందన్నమాట. నా చేతులు పడిపోను, అనుకుంది. నోరు మూసుకుంటే గట్టెక్కుతుంది, ఎవరికీ తెలియదు కూడా. అంతలో లోపల్నుంచి పిలుపు వచ్చింది.

ఎగ్జామినరు వేరే కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన. ముందు రిపోర్టుల గుట్ట, ఎర్రబడ్డ కళ్లు.

"ఎంత వచ్చిందమ్మా?"

"తొంభై సార్."

ఆయన సంతకానికి పెన్ను తీశాడు. అది కాగితానికి తగలబోతుంటే ఆమె ఉండబట్టలేకపోయింది.

"సార్, ఆ తొంభై ఒట్టిది సార్. తెగులున్న ఆకు ఒక్కటీ పట్టలేదు. మచ్చలన్నీ నేనే చెరిపేశాను."

ఆయన తలెత్తి చూసి ఆవలించాడు. "పొద్దుట్నుంచీ అందరివీ తొంభైలే తల్లీ. ఏది పట్టింది, ఏది పట్టలేదని చూసే ఓపిక నాకు లేదు. వెళ్లు, తర్వాతివాళ్లని పంపు." సంతకం గిలికేశాడు.

గేటు బయట భర్త బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. "పాసయ్యానండీ" అంటూనే ఆమె భోరుమంది.

"పిచ్చిమొహమా, దీనికి ఏడుస్తారా ఎవరైనా?" అని నవ్వాడు. విషయమంతా విన్నాక మాత్రం విసుక్కున్నాడు. "అయితే ఏంటిప్పుడు? అవన్నీ ఎవరు చూశారే?"

"నేను చూశాను కదండీ" అంది ఆమె, బండెక్కి కూర్చుంటూ.